పక్కవాడి గొంతు వింటూ పాడటం

మన హాస్టల్లో పాట లేని రోజు లేదు. తెల్లవారి ప్రార్థన ఉంది, బడిలో జనగణమన ఉంది, బట్టలుతికే తొట్టి దగ్గర సినిమా పాట ఉంది, రాత్రి భోజనాలయ్యాక పళ్లేల మీద దరువు వేస్తూ అందుకునే జాతర పాట ఉంది. వార్షికోత్సవం దగ్గరపడితే ఇక చెప్పక్కర్లేదు. ఇన్ని ఉన్నా మనకు బృందగానం ఉందా అంటే, రెండేళ్ల కిందటి దాకా లేదు. ముప్పై మంది ఒకే పాటను ఒకే సమయంలో పాడటం వేరు, ముప్పై మంది కలిసి పాడటం వేరు. ఈ రెండింటి నడుమ ఉన్న తేడా ఏమిటి, అది పిల్లలకు ఎలా అలవడుతుంది, అలా తయారైన పిల్లలు లోకంలో ఏమేం చేశారు అన్నది చెప్పడానికే ఈ వ్యాసం. మేము అంటే ఈ హాస్టల్లో చదివి బయటికి వెళ్లిన కొందరం, ఇప్పుడు ఆరు నుంచి పది దాకా చదువుతున్న తమ్ముళ్లు కొందరు. ఆదివారాలు కలుస్తున్నాం. మాలో సంగీతం డిగ్రీ ఉన్నవారెవరూ లేరు.

మొదట ఒక చిన్న లెక్క. జాతీయ గీతం పూర్తిగా పాడటానికి పట్టవలసిన సమయం సుమారు 52 సెకన్లు. చేతిగడియారం పెట్టుకుని ఏ బడిలోనైనా చూడండి, చాలాచోట్ల నిమిషం దాటుతుంది. వెనక వరసకు శబ్దం ఆలస్యంగా చేరడం వల్ల అనుకుంటే పొరపాటు. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది, ముప్పై మీటర్ల వరసలో ఆఖరివాడికి సెకనులో పదో వంతు కూడా ఆలస్యం కాదు. అసలు కారణం ఏమిటంటే ప్రతివాడూ పక్కవాడు ముందు అందుకుంటాడని చూస్తాడు. అందరూ అలా చూస్తే పాట ఈడ్చుకుపోతుంది. చూడటం మాని వినడం మొదలుపెడితే అదే జనగణమన నాలుగు రోజుల్లో 52 సెకన్లకు వస్తుంది. దీన్ని ఎవరైనా పరీక్షించి చూడవచ్చు.

ఈ వినడం అనేదాన్ని ప్రాణం పెట్టి నేర్చుకున్న ఒక పిల్లల జట్టు ఉంది. వాళ్లదీ ఒక రకంగా హాస్టల్ కథే కాబట్టి కాస్త వివరంగా చెబుతాం.

అమెరికాలో బానిసత్వం 1865లో చట్టప్రకారం రద్దయింది. మరుసటి ఏడు, 1866 జనవరిలో, టెన్నెసీ రాష్ట్రంలోని నాష్‌విల్ పట్టణంలో, విడుదలైన నల్లజాతి వారి చదువు కోసం ఒక బడి తెరిచారు. అదే ఫిస్క్. యుద్ధకాలంలో సైనికుల ఆసుపత్రిగా వాడిన చెక్క షెడ్లే తరగతి గదులు. పాత బానిసల సంతలో దొరికిన సంకెళ్లను తుక్కు ఇనుము కింద అమ్మి, ఆ డబ్బుతో అక్షరాల పుస్తకాలు కొన్నారని ఫిస్క్ చరిత్రలో చెప్పుకుంటారు. అయిదేళ్లు తిరిగేసరికి షెడ్లు కూలిపోయే స్థితికి వచ్చాయి, అప్పులు పెరిగాయి, బడి మూసేసే మాట వచ్చింది.

ఆ బడి కోశాధికారి జార్జ్ వైట్ అనే తెల్లజాతి ఉపాధ్యాయుడు. సంగీతంలో పెద్ద చదువేమీ లేదు, పాట అంటే ఇష్టం, పిల్లలకు నేర్పేవాడు. పిల్లలను తీసుకుని ఊరూరా కచేరీలు చేసి డబ్బు తెద్దామన్నాడు. పెద్దలు వద్దన్నారు. ఖజానాలో మిగిలిన కొద్ది డబ్బు పట్టుకుని 1871 అక్టోబరు 6న తొమ్మిది మంది విద్యార్థులతో బయలుదేరాడు. వారిలో చాలామంది బానిసలుగా పుట్టినవారే. అందరికన్నా చిన్నదైన మిన్నీ టేట్‌కు పద్నాలుగేళ్లు.

వైట్ పేరు మాత్రమే చెప్పి వదిలేయడం న్యాయం కాదు. జట్టును కూర్చోబెట్టి సాధన చేయించింది, కచేరీల్లో పియానో దగ్గర ఉండి నడిపించింది ఎల్లా షెపర్డ్. ఆమె 1851లో బానిసగా పుట్టింది. తండ్రి డబ్బు కట్టి విడిపించుకున్నాడు. సిన్సినాటిలో ఒక తెల్ల సంగీత ఉపాధ్యాయురాలు ఆమెకు సంగీతం నేర్పడానికి ఒప్పుకుంది, ఒక షరతు మీద. పగటిపూట రాకూడదు, ముందు తలుపున రాకూడదు. రాత్రిపూట, వెనక దారిన, ఎవరికీ చెప్పకుండా రావాలి. అలా నేర్చుకున్న కొద్దిపాటి పాఠాలే ఆమె పెట్టుబడి. వెనక దారి అంటే ఏమిటో మన పెద్దలను అడిగితే చెబుతారు.

మొదటి కచేరీలు అంతంతమాత్రంగానే సాగాయి. అప్పటికి అమెరికాలో తెల్లవాళ్లు ముఖానికి మసి పూసుకుని నల్లవాళ్లను వెక్కిరించే ఆటలు బాగా నడుస్తున్నాయి. నల్లపిల్లలు వేదిక ఎక్కుతారంటే జనం అలాంటిదే చూడబోతున్నామనుకునేవారు. ఈ పిల్లలేమో శుభ్రంగా నిలబడి, యూరోపియన్ బాణీల పాటలు పాడేవారు. సత్రాల్లో గది ఇచ్చేవారు కాదు, చలికి సరైన బట్టలు లేవు. బయలుదేరిన రెండు రోజులకే షికాగో నగరం అగ్నికి ఆహుతి కావడం మొదలైంది. సిన్సినాటి ప్రాంతంలో ఒక కచేరీకి వచ్చిన యాభై డాలర్ల లోపు సొమ్మును, తమకే తిండికి కటకటగా ఉన్నా, షికాగో బాధితులకు ఇచ్చేశారు.

వాళ్ల దగ్గర ఇంకో రకం పాటలున్నాయి. పత్తి చేలల్లో, బానిసల గుడిసెల్లో అమ్మలు, తాతలు పాడిన భక్తి పాటలు. వాటిని స్పిరిచువల్స్ అంటారు. ఆ పాటలను పదిమందిలో పాడటానికి ఈ విద్యార్థులకు మొదట మనసు ఒప్పలేదు. అవి బానిసత్వపు గుర్తులు, మరిచిపోదామనుకుంటున్న రోజుల పాటలు, పైగా తల్లిదండ్రులకు పవిత్రమైనవి. ఎల్లా షెపర్డ్ తర్వాతి కాలంలో రాసిన జ్ఞాపకాల్లో ఇది స్పష్టంగా ఉంది. వైట్ గారి ముందు గదిలో, కుర్చీలు చాలక నేల మీద కూర్చుని, మెల్లగా, ఒకరి దగ్గర ఒకరు ఆ పాటలు నేర్చుకునేవారట. ఒకరికి వచ్చిన పాట ఇంకొకరికి రాదు. నెలల తరబడి అలా పాడుకున్నాక గాని వాటి అందం తమకే తెలిసిరాలేదని ఆమె చెప్పింది. అలా కూడిన పాటలు నూరు దాకా చేరాయి.

1871 నవంబరులో ఒబెర్లిన్ అనే ఊళ్లో చర్చి పెద్దల మహాసభ జరుగుతుండగా ఈ పాటలు అందుకున్నారు. సభ నిశ్శబ్దమైంది. ఆ తర్వాత కచేరీల్లో అవే ముఖ్యమయ్యాయి. జట్టుకు జూబ్లీ సింగర్స్ అన్న పేరూ ఆ ప్రయాణంలోనే వచ్చింది. బైబిలు లేవీయకాండంలో, యాభయ్యో ఏట బానిసలు విడుదలయ్యే సంవత్సరం పేరు జూబ్లీ. మన తెలుగు బైబిల్లో దాన్ని సునాద సంవత్సరం అని అనువదించారు. పాడే పిల్లలకు ఇంతకన్నా తగిన మాట దొరకదనిపిస్తుంది మాకు.

1872లో అమెరికా అధ్యక్షుడు గ్రాంట్ ఎదుట, 1873లో ఇంగ్లండులో విక్టోరియా రాణి ఎదుట పాడారు. మొదటి పర్యటన ముగిసేసరికి అనుకున్న ఇరవై వేల డాలర్లు సమకూరాయి. ఆ తర్వాతి సంపాదనతో కట్టిన జూబ్లీ హాల్‌ను 1876 జనవరి 1న ప్రారంభించారు. అదీ నివాస భవనమే, ఇప్పటికీ విద్యార్థులు అందులో ఉంటున్నారు. ఎడతెగని ప్రయాణాలతో పిల్లలు అలిసిపోయారు, కొందరు జబ్బుపడ్డారు, 1878లో ఆ తొలి జట్టు విడిపోయింది. పేరు మాత్రం ఆగలేదు. కొత్త పిల్లలు వస్తూనే ఉన్నారు. 2021లో ఫిస్క్ జూబ్లీ సింగర్స్‌కు గ్రామీ పురస్కారం వచ్చింది. ఏటా అక్టోబరు 6ను ఆ విశ్వవిద్యాలయం జూబ్లీ దినంగా జరుపుకుంటుంది.

ఇక వాళ్లకు ఇచ్చిన శిక్షణ సంగతి. ఆ రోజుల్లో విన్నవారు అందరూ ఒకే మాట రాశారు. ఆ జట్టు ఎంత మెల్లగా పాడినా ఆఖరి వరసకు వినిపించేదట. వైట్ పట్టుబట్టింది దాని మీదే. గొంతు పెంచమని చెప్పేవారు లోకంలో చాలామంది, తగ్గించి నిలబెట్టమని చెప్పేవారు తక్కువ. ఇందులో మర్మమేమీ లేదు, పదో తరగతి భౌతికశాస్త్రం చాలు.

ఒకడు పాడే చోట పదిమంది పాడితే శబ్దశక్తి పది రెట్లవుతుంది. డెసిబెల్ లెక్కలో అది 10 పెరుగుదల. మన చెవికి మాత్రం సుమారు రెండింతలుగానే తోస్తుంది. అంటే గట్టిగా అరిచి సాధించేది చాలా తక్కువ. పోగొట్టుకునేది చాలా ఎక్కువ. చుట్టూ గోల పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని 1911లో లొంబార్డ్ అనే ఫ్రెంచి వైద్యుడు వివరించాడు. మెస్ హాల్లో మధ్యాహ్నం పూట ఇది రోజూ జరుగుతుంది. ఒకడు గట్టిగా మాట్లాడతాడు, పక్కవాడు ఇంకాస్త గట్టిగా, చివరికి వార్డెన్ సారు బల్ల మీద కొట్టేదాకా ఆగదు. పాటలోనూ అంతే. ఒకడు అరిస్తే పక్కవాడికి తన గొంతు తనకు వినిపించదు, వాడూ అరుస్తాడు, శ్రుతి పోతుంది.

శ్రుతి పోవడం అంటే ఏమిటో చెవికి చూపించడానికి మేము జూనియర్ కాలేజీ ల్యాబులోని శ్రుతిదండాల పెట్టెను అడిగి తెచ్చుకున్నాం. చాలా ల్యాబుల్లో ఎనిమిది దండాలుంటాయి. వాటి మీద 256, 288, 320, 341, 384, 426, 480, 512 అని అంకెలు చెక్కి ఉంటాయి. చాలామంది లెక్కలు చేసి మార్కులు తెచ్చుకుని మరిచిపోతారు గాని, అవి వరసగా స రి గ మ ప ద ని స. పెట్టెలో ఒక పూర్తి స్థాయి ఉంది! 256, 320, 384 దండాలను ఒకేసారి మోగిస్తే స, గ, ప కలిసి వినిపిస్తాయి. ఆ మూడింటి నిష్పత్తి 4:5:6. పాశ్చాత్య బృందగానంలో హార్మనీ అని చెప్పేదానికి పునాది ఇదే. ఒక దండానికి కాస్త మైనం అంటించి అదే అంకె ఉన్న మరో దండంతో కలిపి మోగిస్తే ధ్వని పెరుగుతూ తగ్గుతూ అలలలాగా వస్తుంది. పాఠంలో వీటినే విస్పందనాలంటారు. ఒక గొంతు 256 దగ్గర, ఇంకొకటి 260 దగ్గర నిలిస్తే సెకనుకు నాలుగు అలలు. ఇద్దరు పిల్లలను ఎదురెదురుగా నిలబెట్టి ఒకే స్వరం మీద "మ్" అనమంటే ఈ అలలు వినిపిస్తాయి. మెల్లగా సర్దుకుంటూ పోతే అలలు నెమ్మదించి ఆగిపోతాయి. ఆగిన ఆ క్షణంలో పిల్లల ముఖాలు చూడాలి. అంతకుముందు ఎవరూ వాళ్లకు శ్రుతి అంటే ఏమిటో చెప్పలేదు, ఉందనో లేదనో మాత్రం చెప్పారు.

"నీకు శ్రుతి లేదు, నువ్వు చప్పట్లు కొట్టు" అన్న మాట మనలో చాలామంది విన్నదే. స్వరాల తేడా పుట్టుకతోనే పట్టలేనివారు ఉన్నారు, కాదనం. అలాంటివారు నూటికి నలుగురి లోపే ఉంటారని పరిశోధకుల అంచనా. మిగిలినవారికి కావలసింది వినే అలవాటు. హంగరీ దేశపు సంగీతకారుడు జోల్తాన్ కోదాయ్ తన జీవితంలో సగం ఈ మాట నిలబెట్టడానికే వెచ్చించాడు. ప్రతి పిల్లవాడి దగ్గరా గొంతు అనే వాద్యం ఉంది, దానికి ఖర్చు లేదు, కాబట్టి సంగీతం అందరికీ అన్నాడు. ఆయన పుట్టిన కెచ్‌కెమెత్ పట్టణంలో 1950లో, పిల్లలు రోజూ పాడే ప్రాథమిక పాఠశాల మొదలైంది. స్వరానికొక చేతి గుర్తు చూపించే పద్ధతిని ఆయన అనుచరులు విరివిగా వాడారు. ఆ గుర్తులు అంతకు ముందే ఇంగ్లండులో జాన్ కర్వెన్ అనే ఆయన రూపొందించినవి. పిడికిలి అయితే ఆధార స్వరం, అడ్డంగా చాచిన అరచెయ్యి మూడో స్వరం, ఇలా ఏడింటికీ ఏడు. మన సరిగమలకు అవి అట్టే సరిపోతాయి. నోటితో చెప్పకుండా చేయి చూపించి పాడించవచ్చు కాబట్టి, సంగీతం రాని మాలాంటివారికి ఇది బాగా పనికివచ్చింది.

ఊపిరి మాట. పాడేటప్పుడు భుజాలు లేస్తున్నాయంటే గాలి పైపైనే పోతోందని గుర్తు. నడుం చుట్టూ చేతులు పెట్టుకుని, ఊపిరి తీస్తే పక్కలు ఉబ్బేట్టు చూసుకోవాలి. ఊపిరితిత్తుల కింద ఉండే ఉదరవితానం దిగితేనే అది జరుగుతుంది. ఆ గాలిని "స్‌స్" అని సన్నగా వదులుతూ పది సెకన్లతో మొదలుపెట్టి ఇరవై, ఇరవై అయిదు దాకా పెంచాలి. దీన్ని మా తమ్ముళ్లు పందెంగా మార్చేశారు, మేము ఆపలేదు.

అసలు బృందానికి ఒక్కగొంతుకు లేని సౌకర్యం ఇక్కడే ఉంది. ఒంటరి గాయకుడు ఊపిరి తీసుకోవడానికి పాట తెంచక తప్పదు. బృందానికి ఆ అవసరం లేదు. దీర్ఘంగా నిలిపే స్వరం వచ్చినప్పుడు అందరూ ఒకేసారి ఊపిరి తీయకుండా, ఒకడు తీసుకుంటున్నప్పుడు పక్కవాడు నిలిపి ఉంచితే, స్వరం ఎంతసేపైనా తెగదు. ఊపిరి తీసుకోవలసినవాడు నిశ్శబ్దంగా తప్పుకుని, నిశ్శబ్దంగా మళ్లీ కలవాలి. వినేవారికి ఎవరు ఎప్పుడు ఆగారో తెలియదు. దీనికి గొప్ప గొంతు అక్కర్లేదు. నేను ఆగితే వీడు మోస్తాడు అన్న నమ్మకం ఉంటే చాలు.

మాటల ఉచ్చారణ గురించి. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి పాటకు అనువు అంటారు. బృందంలో ఆ అనువే చిక్కు తెస్తుంది. చివరి అచ్చును ఒకడు కురచగా, ఒకడు పొడుగ్గా వదిలితే పాట అంచులు పీలికల్లా వేలాడతాయి. "ఈ" అన్నప్పుడు కొందరు పెదవులు చెవుల దాకా సాగదీస్తారు, కొందరు గుండ్రంగా ఉంచుతారు. ముప్పై నోళ్లలో అయిదు రకాల "ఈ" ఉంటే శ్రుతి సరిగ్గా ఉన్నా కలిసినట్టు వినిపించదు. మరి ఎవరి ఉచ్చారణ సరైనది? మదనపల్లి వైపు పిల్లవాడు ఒక రకంగా అంటాడు, సత్యవేడు వైపువాడు అరవం కలిపి ఇంకో రకంగా అంటాడు. మా పద్ధతి ఇది: ఆ పాట ఎవరి ఊరిదో వాళ్లు పలికినట్టే అందరం పలుకుతాం. పుస్తకంలో ఉన్నట్టు దిద్దం.

మగపిల్లల హాస్టలు కాబట్టి గొంతు మారడం గురించి చెప్పకపోతే వ్యాసం పూర్తికాదు. పన్నెండు, పదిహేనేళ్ల మధ్య మగపిల్లల స్వరపేటిక పెరుగుతుంది, స్వరతంతువులు పొడవై మందమవుతాయి. సితారు తీగ పొడవు పెరిగితే స్వరం దిగినట్టే గొంతు దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. ఆడపిల్లలకూ మార్పు ఉంటుంది, ఇంత ఎక్కువ కాదు. ఈ మార్పు జరిగే నెలల్లో గొంతు చెప్పినమాట వినదు, మధ్యలో కీచుమంటుంది, నలుగురూ నవ్వుతారు. ఏడో తరగతిలో బాగా పాడిన పిల్లవాడు తొమ్మిదిలో నోరు విప్పడు. మన హాస్టల్లో పాట మానేసినవాళ్లలో ఎక్కువమంది మానేసింది ఈ వయసులోనే.

ఇది పెద్దపెద్దవాళ్లకూ తప్పలేదు. వియన్నా రాజప్రాసాదంలో 1498 నుంచి బాలుర గాయకబృందం సంప్రదాయం ఉంది. నేటి వియన్నా బాలుర బృందం దానికి వారసురాలే. తర్వాత జగత్ప్రసిద్ధుడైన ఫ్రాంజ్ షూబర్ట్ చిన్నప్పుడు ఆ ప్రాసాదపు ప్రార్థనాలయంలోనే పాడేవాడు. పదిహేనో ఏట గొంతు మారింది. 1812 జూలై 26న తాను ఆఖరిసారి కూశానని పాటల ప్రతి మీద తానే హాస్యంగా రాసుకున్నాడు. కోడికూతతో పోల్చుకున్నాడన్నమాట.

గొంతు మారుతున్నవారిని కూర్చోబెట్టేయనక్కరలేదు. వాళ్లకు ఆ నెలల్లో నాలుగైదు స్వరాలే సౌకర్యంగా పలుకుతాయి. ఆ నాలుగైదింటిలోనే పాడే భాగం ఇవ్వాలి. పై స్వరాల కోసం బలవంతం చేయకూడదు, జాతర రోజుల్లో రాత్రంతా అరవనివ్వకూడదు, నీళ్లు ఎక్కువ తాగించాలి. మేము చేసింది చాలా సులువైన పని. గొంతు మారిన తొమ్మిది, పది తరగతుల వాళ్లను వెనక నిలబెట్టి మంద్రంలో స, ప పట్టించాం, తంబురా మోగినట్టు. ఆ పరుపు మీద ఆరు, ఏడు తరగతుల పిల్లలు పాట పాడారు. రెండు భాగాల గానం ఆ రోజే మొదలైంది. ఆ తర్వాత, ఒకే పాటను ఒక జట్టు మొదలుపెట్టిన నాలుగు తాళాలకు రెండో జట్టు అందుకోవడం నేర్చుకున్నాం. మన పండరి భజనలో గురువు పాడితే జట్టు అందుకుంటుంది గదా, అందుకునేటప్పుడు గురువు ఆగకుండా ముందుకు పోతే ఎలా ఉంటుందో అలా.

భారతీయ బాణీలకు ఇలాంటి బహుగళ గానం అతకదని వాదించేవారున్నారు. దానికి జవాబు ఇచ్చినవారిలో ఒకరు మన చిత్తూరులోనే పుట్టారని చాలామందికి తెలియదు. ఎం.బి. శ్రీనివాసన్, 1925లో పుట్టారు. విద్యార్థి దశ నుంచే వామపక్ష ఉద్యమంలో ఉన్నారు. మలయాళ సినిమాలకు సంగీత దర్శకుడిగా పేరు తెచ్చుకున్నారు. ఆయనకు అంతకన్నా ఇష్టమైన పని మద్రాస్ యూత్ కాయర్. 1970ల ఆరంభంలో మొదలైన ఆ బృందంలో పాడినవారిలో ఎక్కువమంది వృత్తి గాయకులు కారు, ఉద్యోగాలు చేసుకునేవారు, చదువుకునేవారు. పలు భారతీయ భాషల పాటలను, తెలుగుతో సహా, మన రాగాల మీద నిలబడిన స్వరమేళనంతో పాడించారు. ఆయన 1988లో లక్షద్వీప్‌లో కన్నుమూశారు. బృందం ఆగలేదు. అంతకు ముందే బెంగాల్‌లో రుమా గుహఠాకుర్తా, సలిల్ చౌధురి పూనికతో 1958లో కలకత్తా యూత్ కాయర్ ఏర్పడి జనం పాటలను వేదికకెక్కించింది. మేము నేర్చుకునేవాళ్లం గనక ఈ వాదంలో తీర్పు చెప్పం. రాగం దెబ్బతినకుండా కింద స, ప పట్టడం వరకూ ఎవరికీ అభ్యంతరం ఉండదని మా అనుభవం.

కచేరీ ఏర్పాటు సంగతి త్వరగా ముగిస్తాం. పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక, అర్ధచంద్రాకారంగా నిలబడాలి, చివరి ఇద్దరూ ఒకరినొకరు చూసుకోగలిగేట్టు. ఒకే మైకు ఉంటే దాన్ని ముందు వరస నోటి దగ్గర పెట్టకండి, ముందున్న ఇద్దరి గొంతులే ఊరంతా వినిపిస్తాయి. నాలుగైదు అడుగుల దూరంలో, కాస్త ఎత్తుగా పెట్టించండి. మైకు సెట్టు అబ్బాయి ఒప్పుకోడు, బతిమాలాలి. ఎనిమిది పాటలు, ముప్పై అయిదు నిమిషాలు మించకూడదు. మొదటి పాట అందరికీ బాగా వచ్చినదై ఉండాలి, కష్టమైనది మూడోదిగా రావాలి. చేయి ఊపి నడిపించేవారు ఉంటే మంచిదే. లేకపోయినా ఫరవాలేదు. ఫిస్క్ పిల్లలు ఇటీవలి కాలంలో వేదిక మీద నడిపించేవారు లేకుండానే పాడుతున్నారు. అందరూ కలిసి ఒక్క ఊపిరి తీస్తారు, పాట అక్కడ మొదలవుతుంది.

ఇక ఏ పాటలు అన్నది. ఇదే అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. కిందటేడు ఒక అంతర్ పాఠశాలల పోటీకి వెళ్లాం. చెనిక్కాయ చేలో కలుపు తీసేటప్పుడు పాడే పాటను రెండు భాగాలుగా చేసి పాడాం. న్యాయనిర్ణేతల్లో ఒకరు, పేరెందుకు లెండి, గొంతులు బాగా కలిశాయి గాని ఇలాంటి చోట ఏదైనా మంచి పాట ఎంచుకోవలసింది అన్నారు. తిరుగు బస్సులో మా పిల్లలు ఒక్క మాట మాట్లాడలేదు. ఆ పాట తెచ్చిన ఎనిమిదో తరగతి పిల్లవాడు ఇక తన పాట పాడొద్దన్నాడు. వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్నది అది.

ఎల్లా షెపర్డ్, నేల మీద కూర్చున్న ఆ పిల్లలు, వాళ్ల సంకోచం, ఇదంతా మాకు తెలిసింది ఆ తర్వాతే. ఆ వారం సాధన మానేసి ఫిస్క్ కథంతా అందరికీ చెప్పాం. నమ్మించడానికి చెప్పలేదు, జరిగింది చెప్పాం. మూడో ఆదివారం ఆ పిల్లవాడే వచ్చి, పాటలో మేము వదిలేసిన రెండు చరణాలు ఉన్నాయని, అవి ఇంకో రకంగా పోతాయని చెప్పి పాడి వినిపించాడు. ఈ వార్షికోత్సవంలో ఆ పాట మొత్తం ఉంటుంది, మూడోదిగా.

ఇప్పటికి మా నోటుబుక్కులో ఇరవై మూడు పాటలు చేరాయి. నాట్ల పాటలు ఆరు, కలుపు పాటలు అయిదు, గంగ జాతర పాటలు నాలుగు, చెక్కభజన పాటలు మూడు, జోలపాటలు రెండు, పెళ్లిలో పెట్టే పాటలు మూడు. పలక దరువులు రాయడం మాకు చేతకాలేదు, వాటిని సెల్‌ఫోనులో రికార్డు చేసి పెట్టాం. పాత విద్యార్థులు సెలవులకు ఊరు వెళ్లినప్పుడు అమ్మనో, అవ్వనో, చిన్నమ్మనో కూర్చోబెట్టుకుని పాడించి, మాటలు రాసి పంపండి. మాటలు మార్చకండి. బూతు ఉన్నా రాయండి, వేదిక మీద పాడాలా వద్దా అన్నది తర్వాత చూసుకుందాం. పాట కింద పాడిన మనిషి పేరు, ఊరు, ఏ పని చేస్తూ పాడేవారో తప్పక రాయండి. కాగితాలు హాస్టల్ ఆఫీసులో తమ్ముళ్లకు ఇస్తే చాలు. సాధన ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగు నుంచి అయిదున్నర దాకా, భోజనాల హాల్లో.